కుడిచేతి బ్రేకు

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర
ఆదివారం

మేస్త్రమ్మకి,

ఇక్కడ అందరం క్షేమం, మీ అన్నయ్య నడుము తప్ప. అది ఎప్పుడూ ఉండేదే కనుక దాన్ని కూడా క్షేమంలో కలిపేసుకో.

ఫోనులో చెప్పాల్సిన సంగతే ఇది. కానీ ఫోను చేస్తే నువ్వు "షాపులో మనుషులున్నారు వదినా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు కదా, అందుకని రాస్తున్నాను. నువ్వు కూడా ఉత్తరమే రాయి.

ద్రాక్షకోతలు మొదలయ్యేలోపు సైకిళ్ళ మీద మళ్ళీ మన చుట్టుప్రయాణం చెయ్యాలనుకుంటున్నాను. అదే దారి. వంతెన ఊళ్ళో మొదలుపెట్టి కోట ఊరు, గంటల ఊరు, కొండ మీది ఊరు, అక్కడి నుంచి తోటల మధ్యగా దిగి మళ్ళీ వంతెన దగ్గరికి. పోయిన ఏడు మొత్తం తిరిగి, ఎత్తులన్నీ ఎక్కి, చివరి దిగుడులో నువ్వు పడ్డావు. అక్కడితో ఆగిపోయాం. నువ్వు ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళావు, నేను రెండు సైకిళ్ళూ లారీలో వేయించుకుని వచ్చాను. చుట్టు చివర కలవకుండా మిగిలిపోయింది, మూతపడలేదు. నేను పళ్ళ సెట్లు చేసేదాన్ని. కింది వరస చేసి పై వరస చెయ్యకుండా వదిలేస్తే నాకు అన్నం సహించదు.

మా డాక్టరుగారు క్లినిక్కు గోడలు పగలగొట్టి కొత్తగా కట్టించుకుంటున్నారు. నాకు సెలవులే సెలవులు. నువ్వు వస్తే ఇద్దరం వెళ్దాం. రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. ఈ ముక్క మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. చెప్పిన రోజు నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరతాడు.

సైకిలు పార్సిలు బండిలో పంపుతున్నాను. విప్పి, కడిగి, బిగించి పంపు.

అన్నట్టు, నా పుట్టినరోజుకి నువ్వు పంపిన కార్డులో అక్షరాలు పెసల నుంచి శనగలయ్యాయేమిటి?

మీ వదిన


షాపు నుంచి
గురువారం

వదినా,

సైకిలు వచ్చింది. చూస్తే ఏడుపొచ్చింది. చైనుకి నూనె వెయ్యమంటే వంటనూనె వెయ్యమని కాదు. ఇది అన్నయ్య పనైతే అన్నయ్యకి చదివి వినిపించు.

నేను రాలేను. ఎండలు వచ్చేసరికి మూలన పడేసిన సైకిళ్ళన్నీ జనానికి ఒకేసారి గుర్తొస్తాయి. షాపులో కాలు పెట్టడానికి చోటు లేదు. పైన నా గది మెట్లు కూడా బాగుచేయించాలి. చెయ్యి బాగుంది. పట్టీ తీసేసి ఎన్నాళ్ళో అయింది. దాని గురించి మళ్ళీ అడగొద్దు. అక్షరాలు పెద్దవవడానికి కారణం కొత్త కళ్ళజోడు.

నువ్వు వెళ్తానంటే వెళ్తావని తెలుసు. కాబట్టి విను. కోట ఊళ్ళో రాళ్ళ బాట మీద టైర్లలో గాలి కొంచెం తగ్గించు, లేకపోతే పళ్ళు రాలతాయి, నీ పళ్ళు నువ్వే చేసుకోవాల్సొస్తుంది. గంటల ఊరి ఎత్తు మొదట్లోనే లేచి నిలబడి తొక్కకు. కూర్చుని, చిన్న గేరులో, పాట పాడుకోగలిగేంత నెమ్మదిగా ఎక్కు. సంచులు వెనక చక్రానికి రెండు పక్కలా సమంగా కట్టు. చివరి దిగుడు గురించి తరవాత రాస్తాను.

మేస్త్రి వెనక ఉండాలన్నది మన రూలు. ముందు వెళ్ళేవాళ్ళకి ఏది ఊడినా వెనక వచ్చే మేస్త్రికి కనబడుతుంది. ఈసారి నీ వెనక ఎవరూ ఉండరు. అందుకని ప్రతి బోల్టూ రెండుసార్లు బిగించాను. చైను కొత్తది. బ్రేకులు నా చేతులతో నొక్కి చూశాను. నా చేతికి సరిపోయిందంటే లోకానికి సరిపోయినట్టే.

నువ్వు దిగే లాడ్జీల పేర్లు రాసి పంపు. ముందే ఉత్తరం వేసి ఉంచుతాను.

నీ మరదలు


వంతెన ఊరు, నది పక్క లాడ్జి
సాయంత్రం

మేస్త్రమ్మా,

బయల్దేరాను. మీ అన్నయ్య సైకిలు చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, తాళం ఉందా, మందుల పెట్టె ఉందా, గొడుగు ఉందా అని అడిగి, సైకిలు మీద గొడుగు ఎవరు పడతారని నేనడిగితే మొహం చిన్నబుచ్చుకున్నాడు. నన్ను రైలెక్కించి, రైలు కదిలాక గుర్తొచ్చినట్టు "నెమ్మదిగా" అని అరిచాడు. రైలునన్నాడో నన్నన్నాడో తెలియలేదు.

సైకిలు నాది కాదేమో అనిపిస్తోంది. అంత తేలిగ్గా పోతోంది. ఇవాళ పొద్దుట వంతెన దాటి, నది వెంబడే తోటల్లోకి వెళ్ళి వచ్చాను. కాళ్ళకి అలవాటు కావాలని సరదాగా ఒక చక్కరు. ద్రాక్షతీగలు వైర్ల మీద ఎక్కి నా భుజాలంత ఎత్తున ఉన్నాయి. గుత్తులు ఇంకా గట్టి పచ్చ రాళ్ళే. పోయిన ఏడు మనం వచ్చేసరికి రంగు తిరుగుతున్నాయి, గుర్తుందా? నువ్వు ఒకటి కోసి నోట్లో వేసుకుని, మొహం ముడుచుకుని, అది బాగానే ఉందని నాకొకటి ఇచ్చావు. అప్పటి నుంచి నిన్ను నమ్మడం తగ్గించాను.

ఒక మాట. కుడిచేతి బ్రేకు మహా చురుగ్గా ఉంది. ముట్టుకుంటే చాలు, ముందు చక్రం పట్టేస్తోంది. అచ్చం నీ కోపంలాగే. కొత్త వైరు కదా, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందనుకుంటున్నాను.

ఈ లాడ్జీలో మనకి పోయినసారి ఇచ్చిన గదే ఇచ్చారు. రెండో మంచం మీద నా తడిబట్టలు ఆరేసుకున్నాను. అది ఖాళీగా కనబడితే నాకు బాగోలేదు.

వదిన


షాపు నుంచి

వదినా,

ఇది నువ్వు కోట ఊరు చేరేసరికి అక్కడ ఉంటుంది. లాడ్జీ ఆవిడ ఇవ్వడం మరిచిపోతే గట్టిగా అడుగు.

బ్రేకు చురుగ్గా ఉండటం మంచిదే. మందంగా ఉంటే అప్పుడు చెప్పు. మా వీధి పోస్టుమాస్టరు కూడా ఇదే గోల, బ్రేకు ముట్టుకుంటే కరుస్తోందని. ఆయన వేళ్ళు అరటిపళ్ళంత ఉన్నాయి, తప్పు బ్రేకుది కాదన్నాను. అలిగి వెళ్ళిపోయాడు. ఈమధ్య అందరికీ సున్నితం ఎక్కువైంది.

నేను రోజూ పొద్దున్నే సైకిలు తీసుకుని ఏటి దాకా వెళ్ళి వస్తున్నాను. కాబట్టి నేను తొక్కడం మానేశానని అన్నయ్య దగ్గర బెంగ పడక్కర్లేదు. అన్నయ్య ఫోను చేసి, నువ్వు తనకి ఏ ఊరి నుంచి ఎప్పుడు ఫోను చేస్తావో నన్నడుగుతున్నాడు. మీ మొగుడూపెళ్ళాల మధ్య నేను టెలిఫోను స్తంభాన్ని.

కోట గోడ మీదికి ఎక్కితే తోటలన్నీ దువ్విన జుట్టులా కనబడతాయి. ఎక్కి చూడు. చివరి దిగుడుకి ఇంకా టైముంది. దాని గురించి తరవాత రాస్తాను.

నీ మరదలు


కోట ఊరు దాటాక, ఒక ద్రాక్షతోట వాళ్ళ ఇంట్లో

మేస్త్రమ్మా,

ముందే చెప్తున్నాను, బాగానే ఉన్నాను. మోకాలు దోక్కుపోయింది, మోచెయ్యి కొంచెం. మీ అన్నయ్యకి చెప్పకు.

కోట చూశాను. గోడ ఎక్కాను, దువ్విన జుట్టూ చూశాను. నీ ఉత్తరం లాడ్జీ ఆవిడ నిజంగానే మరిచిపోయింది. అడిగాను. అక్కడి నుంచి బయల్దేరి కొద్ది దూరం వచ్చాను. చిన్న వాలు, పెద్దదేమీ కాదు. వాలు చివర ఒక తోట గేటులోంచి ఖాళీ పెట్టెల బండి బయటికొచ్చింది. నేను ఎప్పుడూ నొక్కినట్టే కుడి బ్రేకు నొక్కాను. ముందు చక్రం కొయ్యలా నిలబడిపోయింది, నేను నిలబడలేదు. హ్యాండిలు మీంచి వెళ్ళి రెండు తీగల వరసల మధ్య, దున్నిన మట్టిలో పడ్డాను. మెత్తగానే ఉంది. బండివాడు నన్ను లేపడం మానేసి తీగలకేమన్నా అయిందా అని చూశాడు. తోట యజమానురాలు వాణ్ణి నాలుగు తిట్టి, నన్ను లోపలికి తీసుకెళ్ళి, మోకాలికి మందు రాసి, రెండు రోజులు కదలనివ్వనంది. ఆవిడ మాటల్లో నువ్వు కనబడ్డావు. ప్రేమగా తిడుతుంది.

ఇవాళ వాళ్ళ వరండాలో కూర్చుని సైకిలు ముందు పెట్టుకుని చూశాను. ఎడమ లివరు ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. కుడి లివరు మాత్రం హ్యాండిలుకి బాగా దగ్గరగా లాగి ఉంది. స్ప్రింగు వదులు చేసి ఉంది. పసిపిల్ల నొక్కినా పడుతుంది. రోజంతా మైనం, ప్లాస్టరు పిసికే నా చేతితో నొక్కితే ఇంకేమవుతుంది?

నువ్వు మరిచిపోయి ఇలా చేశావనుకోను. ఇరవై ఏళ్ళుగా నీ పని చూస్తున్నాను. అందుకని ఒక పాత సంగతి చెప్తాను. పనిలో చేరిన కొత్తలో ఒక నెలంతా నేను చేసిన పళ్ళ సెట్లు కుడివైపు ఎత్తుగా వచ్చాయి. ఒక్కటి కాదు, అన్నీ. అచ్చులు చూశాం, మైనం చూశాం, బల్ల వంకరేమో అని చూశాం. చివరికి మా పెద్దాయన నా వెనక నిలబడి కాసేపు చూసి, "నీ మెడ పట్టేసిందా అమ్మా?" అన్నాడు. అవును, పట్టేసింది. తల ఒక పక్కకి వంచి చూసేదాన్ని, వంకర నాకు తిన్నగా కనబడేది. ఎవరికీ చెప్పలేదు, కొత్త ఉద్యోగం కదా.

ఈ బ్రేకులో తప్పు లేదు. అది ఒక చేతికి సరిగ్గా అమిరింది. బలం లేని చేతికి. నీ అక్షరాలు ఎందుకు పెద్దవయ్యాయో ఇప్పుడు నాకు తెలిసిందనుకుంటున్నాను. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు చిన్నగా రాస్తారు, పెద్దగా రాయరు.

నీ కుడిచెయ్యి ఎలా ఉంది? నిజం చెప్పు.

వదిన


షాపు నుంచి

వదినా,

సైకిలు లారీలో వేసి వెనక్కి పంపు. నువ్వు బస్సెక్కి ఇంటికి పో. బ్రేకు తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. మళ్ళీ బిగించి ఇస్తాను, లేదా వేరే మేస్త్రిని చూసుకో.

నా చెయ్యి సంగతి నీకు అనవసరం. పళ్ళు చేసుకునేదానివి పళ్ళు చేసుకో.

మోకాలికి రోజూ మందు రాయి. మట్టిలో పడ్డ దెబ్బ, చీము పట్టగలదు.


గంటల ఊరు, గడియారం స్తంభం ఎదుటి లాడ్జి

మేస్త్రమ్మా,

నీ కోపం అందింది. మడిచి సంచిలో పెట్టుకున్నాను. కొండ మీద చలేస్తే కప్పుకుంటాను.

మోకాలు మానుతోంది. బస్సెక్కలేదు. బ్రేకు కూడా మార్చలేదు. తోట యజమానురాలి మనిషి నిమిషంలో బిగిస్తానన్నాడు, వద్దన్నాను. దాన్ని ఒక్క వేలితో నొక్కడం నేర్చుకున్నాను. చూపుడువేలు ఆనిస్తే చాలు, మర్యాదగా ఆగుతోంది. నా పెత్తనం పడనంతవరకూ అది మంచి బ్రేకే.

ఈ ఊరి ఎత్తు నువ్వు చెప్పినట్టే కూర్చుని, చిన్న గేరులో ఎక్కాను. పాట పాడలేకపోయాను, నిన్ను తిట్టుకోగలిగాను. దారికి రెండు పక్కలా రాతిగోడలు, వాటి మీంచి తోటలు తొంగిచూస్తున్నాయి. సగం ఎత్తులో ఒక పాత సత్రం ఉంది కదా, పోయిన ఏడు నువ్వు నా సీటు పైకి జరిపిన చోటు. అక్కడ ఆగాను. గోడ నీడలో కూర్చుని రొట్టె తిన్నాను. తల ప్రాణం తోకకొచ్చినా, పైకి చేరాక మాత్రం నాకంటే గొప్పవాళ్ళు ఎవరూ లేరనిపించింది. ఇక్కడ గంటలు ఇప్పటికీ ఒకదానికొకటి పడవు. ఒక గడియారం కొట్టడం అయ్యాక రెండోది మొదలుపెడుతుంది. ఊళ్ళోవాళ్ళు ఆలస్యంగా వచ్చినప్పుడు రెండో గడియారాన్ని నమ్ముకుంటారట.

నీకు గుర్తుందో లేదో. నేను మీ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు, నాకు సైకిలు రాదని తెలిసి నువ్వు నవ్వలేదు. అందరూ నవ్వారు, మీ అన్నయ్యతో సహా. నువ్వు మాత్రం మర్నాడే స్కూలు గ్రౌండుకి తీసుకెళ్ళి, సీటు వెనక పట్టుకుని పరిగెత్తావు. "పట్టుకున్నా, పట్టుకున్నా" అంటూనే ఉన్నావు. నేను గ్రౌండంతా తిరిగి వచ్చి చూస్తే నువ్వు గేటు దగ్గర కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నావు. ఆ రోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తరవాత ఈ వయసు దాకా నాకు దొరికిన సంతోషాల్లో సగం ఆ సీటు మీదే దొరికాయి.

అందుకని సూటిగా చెప్తున్నాను. రోజూ ఏటి దాకా వెళ్ళి వస్తున్నానని రాశావు, నాకు నమ్మకం కలగలేదు. నువ్వు మళ్ళీ సైకిలు ఎక్కకపోతే నాకు బాధగా ఉంటుంది. జాలి కాదు. నాకు తోడు పోతుందన్న బాధ. అంతకంటే ఎక్కువగా, నీకు అది లేకుండా ఎలా ఉంటుందో నేను ఊహించలేను.

మీ అన్నయ్యకి ఏమీ చెప్పలేదు. నువ్వు చెప్పమనే దాకా చెప్పను. కొండ మీది ఊళ్ళో మెట్ల వీధి లాడ్జీకి రాయి.

వదిన


షాపు నుంచి, పై గదిలో

వదినా,

పోయిన ఉత్తరంలో నోరు జారాను. పళ్ళు చేసుకోమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీ మెడ కథ చదివాక మొదట ఒళ్ళు మండింది. తరవాత షాపు షట్టరు దించి, లోపల ఉన్న సైకిళ్ళన్నీ వరసగా నిలబెట్టాను. నేను బిగించి, వాళ్ళు తీసుకెళ్ళడానికి రావాల్సినవి. ప్రతిదానికీ కుడి లివరు హ్యాండిలుకి దగ్గరగా ఉంది. నీదొక్కటే కాదు, అన్నీ అంతే. ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్ళాను. నా చేతికి ప్రతి ఒక్కటీ బ్రహ్మాండంగా ఉంది. అప్పుడు కూర్చుండిపోయాను. నేను బ్రేకుని కొలిచేది ఏ పరికరంతోనూ కాదు, నా చేతితోనే. మా నాన్న అలాగే నేర్పాడు. కొలబద్ద కురచైపోయిందని కొలబద్దకి ఎలా తెలుస్తుంది?

మర్నాడు పోస్టుమాస్టరు ఇంటికి వెళ్ళాను. మీ వేళ్ళు మామూలుగానే ఉన్నాయండీ అని చెప్పాను. ఆయన పాపం నవ్వి కాఫీ ఇచ్చాడు. బయటికెళ్ళిన సైకిళ్ళన్నీ కబురుపెట్టి తెప్పించి సరిచేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వొక్కదానివే పడ్డావు. ఇప్పుడు ఎవరి బ్రేకు వాళ్ళ చేతే నొక్కిస్తున్నాను. ఇదేదో కొత్త పద్ధతనుకుని జనం మెచ్చుకుంటున్నారు.

చెయ్యి సంగతి. చివరి రెండు వేళ్ళు ముడుచుకోవు. బొటనవేలికి పట్టు లేదు. సీసా మూత రాదు, తాళంచెవి తిప్పాలంటే ఎడమచెయ్యి కావాలి. స్పానరు ఎడమచేతికి మార్చుకున్నాను, పని నడుస్తోంది. డాక్టరు ఇంక ఇంతేనన్నాడు. మంచి డాక్టరే, మెత్తగా చెప్పాడు. అన్నయ్యకి చెప్తే షాపు మూసి మీ ఇంటికి వచ్చెయ్యమంటాడు. మీ ఇల్లంటే నాకు ఇష్టమే. కానీ షాపు మూసిన మర్నాడు నేను ఎవర్ని?

రోజూ ఏటి దాకా వెళ్ళి వస్తున్నానని రాశాను. అది నిజమే. సైకిలు నడిపించుకుని వెళ్ళి, నడిపించుకుని వస్తున్నాను. ఎవరైనా ఎదురైతే టైరు వంక వంగి చూస్తాను.

పడతానని కాదు వదినా నా భయం. పడటం నాకు కొత్త కాదు, నా మోకాళ్ళు చూశావుగా. ఆ మలుపు దగ్గర కుడిచెయ్యి నొక్కాను, తడి ఆకుల మీద చక్రం జారింది, గోడ మీదికి వచ్చింది. అదంతా మామూలు సంగతే. ఇప్పుడు అదే మలుపు వస్తే, నొక్కుదామనుకుని నొక్కలేకపోతే? ఆపలేనేమో అన్నది నా భయం. అందరికీ బ్రేకులు బిగించేదాన్ని, నన్ను నేను ఆపుకోలేనంటే ఎవరితో చెప్పను?

నీతో చెప్పాను కదా. చాలు.

వస్తానని చెప్పను. నన్ను బతిమాలకు.

నీ మరదలు


కొండ మీది ఊరు, మెట్ల వీధి లాడ్జి

నా మరదలికి,

ఈ ఒక్కసారి మేస్త్రమ్మా అని పిలవబుద్ధి కాలేదు.

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. చదివి ఏడ్చాను. ఏడ్చాక ఆకలేసింది, లోపలికెళ్ళి సుష్టుగా తిన్నాను. ఇలాంటప్పుడు కూడా తినగలగడం ఒక వరం అంటాడు మీ అన్నయ్య.

బతిమాలను. నేను ఏం చేయబోతున్నానో మాత్రం చెప్తాను, తరవాత నీ ఇష్టం.

ఇక్కడ గది చిన్నది. కిటికీలోంచి ఆ దిగుడు మొత్తం కనబడుతుంది. కొండ పక్కన తోటలు మెట్లు మెట్లుగా కిందికి వెళ్ళి, అడుగున నది, నది మీద మన వంతెన. గుత్తులు రంగు తిరిగాయి. ముందు పండే రకాలకి కోతలు అప్పుడే మొదలయ్యాయి, పొద్దున్నే కోతవాళ్ళ ట్రాక్టర్లు బయల్దేరుతున్నాయి. దారి పొడిగా ఉంది. ఈ ఏడు ఆకులు ఇంకా రాలలేదు. ఆ మలుపు దగ్గర గోడకి ఎవరో సున్నం వేశారు, ఇక్కడి నుంచి తెల్లగా కనబడుతోంది.

సైకిలు మెట్ల కింద పెట్టాను. రోజూ తుడుస్తున్నాను, వంటనూనె వెయ్యలేదు. బ్రేకు నువ్వు పెట్టినట్టే ఉంది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. దారంతా ఆలోచించాను. నువ్వు నాకోసం అనుకుని నీకోసం ఒక సైకిలు తయారుచేశావు. నీ చెయ్యి తనకేం కావాలో తెలుసుకుని, నీతో చెప్పకుండా, అన్నీ సిద్ధం చేసుకుంది. ఆ చేతిని నువ్వు నమ్మడం లేదు, నేను నమ్ముతున్నాను. పది ఎత్తులు, పన్నెండు దిగుళ్ళు దాని మీదే వచ్చాను.

నేనీ కొండ దిగను. ఇది అలక కాదు, బెదిరింపూ కాదు. ఈ చివరి ముక్క నాది కాదనిపిస్తోంది, అంతే. పోయిన ఏడు నేను కిందికి చేరి, నదిఒడ్డు టీ కొట్లో నీకూ నాకూ రెండు టీలు చెప్పాను. నీ గ్లాసు చల్లారిపోయింది. కొట్టాయన తీసెయ్యమంటారా అని అడిగితే వద్దన్నాను. అప్పటికి ఇంకా నువ్వు ట్యూబు మారుస్తున్నావనుకుంటున్నాను. ఆ గ్లాసు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

సాయంత్రం బస్సు ఇక్కడ చివరి స్టాపు. ఈ వారమంతా ఆ బస్సు వచ్చే టైముకి నేను బజారులో ఉంటాను, ఎలాగూ కూరగాయలు చూడ్డం నాకిష్టం. నువ్వు రాకపోతే ఆదివారం సైకిలు ట్రాక్టరులో వేసుకుని దిగి, రైలెక్కి ఇంటికి వస్తాను. ఇంక ఈ చుట్టు మాట ఎత్తను. నిన్ను ఒక్క మాట అనను. శాశ్వతంగా అనను, కాగితం మీద రాసి ఇస్తున్నాను.

అన్నట్టు, చివరి దిగుడు గురించి తరవాత రాస్తానన్నావు. ఇప్పటికీ రాయలేదు.

వదిన


వంతెన ఊరు, నదిఒడ్డు టీ కొట్టు
పొద్దున

వదినా,

చివరి దిగుడు గురించి తరవాత రాస్తానన్నాను కదా. ఇదిగో.

ఈ కాగితం ఖాళీ పెట్టెలతో పైకి వస్తున్న ట్రాక్టరాయన చేతికి ఇస్తున్నాను. నువ్వు లేచిన కాసేపటికి అందుతుంది. లేచి, పక్క మంచం ఖాళీ, మెట్ల కింద సైకిలు లేదు అని కంగారుపడి ఉంటావు. ముందు కూర్చుని ఇది చదువు.

నిన్న సాయంత్రం బస్సు దిగితే నువ్వు వంకాయల బుట్ట దగ్గర నిలబడి ఉన్నావు. నన్ను చూసి ఎదురొచ్చావు. నా సంచి అందుకున్నావు, కుడిచేతి వైపు నుంచి. రాత్రి తింటున్నప్పుడు రొట్టె నువ్వే తుంచి పెట్టావు, మాట మాత్రం మీ డాక్టరుగారి గోడల గురించి మాట్లాడావు. చెయ్యి చూపించమని అడుగుతావేమోనని జేబులో పెట్టుకునే కూర్చున్నాను. అడగలేదు. అందుకే నిద్ర పట్టింది.

తెల్లవారుతుండగా లేచాను. ఊరికే సైకిలు చూద్దామని మెట్లు దిగాను. లివరు మీద చెయ్యి వేశాను. వేళ్ళు వాటంతట అవే ఎక్కడుండాలో అక్కడ కూర్చున్నాయి. వీధి చివర దాకా నడిపించుకుని వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు, టైరు వంక వంగి చూడాల్సిన పని లేకపోయింది. ఎక్కాను.

ఇప్పుడు దిగుడు సంగతి. మొదటి మలుపుకి ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. ఎడమచెయ్యి ముందు, కుడిచెయ్యి తరవాత, కొంచెం కొంచెం. చూపు చక్రం మీద కాదు, దారి ఎటు పోతుందో అటు. నేను ఇన్నేళ్ళు నీకు చెప్పిందే, ఇవాళ పైకి గట్టిగా చెప్పుకుంటూ దిగాను. తోటలో కోతవాళ్ళు తలెత్తి చూశారు, ఎవరితో మాట్లాడుతోందా అని. ఒకసారి వెనక్కి కూడా చూశాను. నువ్వు సీటు పట్టుకున్నావేమోనని. పిచ్చిదాన్ని.

సున్నం గోడ వచ్చింది. కుడిచెయ్యి నొక్కాను.

ఆగింది, వదినా. గోడకి ఇవతల, బారెడు దూరంలో, సైకిలు ఆగింది. ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. తరవాత మళ్ళీ కొంచెం వదిలి, మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆగింది. ఊరికే, చూద్దామని. అలా గోడ పొడుగునా ఎన్నిసార్లు ఆగానో నాకే తెలియదు. దాటే ట్రాక్టరువాళ్ళు సైకిలు చెడిపోయిందా అని అడిగారు. లేదండీ, బాగుందని చెప్పాను.

వంతెన దాటాను. చుట్టు మూతపడింది. పోయిన వారాల్లో ఈ చక్రాలు తిరిగినదంతా నువ్వు తిరిగావు, చివరి ముక్క నేను. లెక్క సరిపోయిందా లేదా అని నీతో వాదించే ఓపిక లేదు.

చెయ్యి బాగుపడలేదు. బాగుపడదు. మధ్యాహ్నం అన్నయ్యకి ఫోను చేసి నేనే చెప్తాను. షాపు మూయనని కూడా చెప్తాను. నువ్వు పక్కన ఉండు, ఆయన గొడుగు గురించి మాట్లాడటం మొదలుపెడితే ఫోను తీసుకో.

మేస్త్రి వెనక ఉండాలన్న రూలు ఇవాళ తప్పాను. ఇంక ఆ రూలు వద్దు, పక్కపక్కనే వెళ్దాం. దారి ఇరుకైన చోట ఎవరు ముందో అప్పటికప్పుడు పోట్లాడుకుందాం.

ట్రాక్టరాయన మళ్ళీ దిగేటప్పుడు నిన్ను ఎక్కించుకుంటానన్నాడు. నా సంచి మరిచిపోకు. రెండు టీలు చెప్పాను. నీ గ్లాసు మీద సాసరు మూత పెట్టించాను. త్వరగా రా.

మేస్త్రమ్మ